గోడౌన్‌కి ఏది, ఫార్మా యూనిట్‌కి ఏది, ఆఫీసు టవర్‌కి ఏది: ఫైర్ అలారం కొనేముందు చూసుకోవాల్సినవి

ఫైర్ అలారం కోసం ముగ్గురిని కొటేషన్ అడిగితే మూడు వేర్వేరు సిస్టమ్‌లు వస్తాయి. ఒకరు కన్వెన్షనల్ ప్యానెల్ (డిటెక్టర్ల కబురు చూపించే కంట్రోల్ పెట్టె) రాస్తారు, ఇంకొకరు అడ్రసబుల్ తప్ప వద్దంటారు, మూడో ఆయన పైకప్పు పొడవునా గాలి పీల్చే పైపులు వేయాలంటారు. ధరల్లో చాలా తేడా ఉంటుంది. ఏది ఎందుకో ఎవరూ విడమరిచి చెప్పరు కాబట్టి యజమాని చివరి పేజీలో మొత్తం చూసి తక్కువ ఉన్నదానికి సంతకం పెట్టేస్తాడు.

నేను ఈ పనిలోనే ఉన్నాను. జీడిమెట్ల షెడ్ల నుంచి మాదాపూర్ టవర్ల దాకా చాలా ప్యానెళ్ళు చూశాను. ధర దాకా వెళ్ళేముందు రెండు సంగతులు తేల్చుకోమని అందరికీ చెబుతుంటాను. మీ దగ్గర అంటుకునే సరుకు ఏది, అది ముందు పొగ పెడుతుందా, నేరుగా మంట లేస్తుందా? రాత్రి రెండింటికి గంట మోగితే ప్యానెల్ దగ్గరికి వచ్చేది ఎవరు? వీటికి జవాబు దొరికితే సగం ఎంపిక అయిపోయినట్టే.

మన హైదరాబాద్‌లో జరిగిన ప్రమాదాలు ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. 2022 మార్చి 23 తెల్లవారుజామున భోయిగూడలో తుక్కు గోడౌన్ అంటుకుని, పైన నిద్రపోతున్న 11 మంది బీహార్ కార్మికులు చనిపోయారు. అదే ఏడాది సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాద్‌లో ఒక హోటల్ కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంలో మంటలు లేచి, పైనున్న హోటల్లో 8 మంది పోయారు. 2023 మార్చి 16న స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో ఆరుగురు పిల్లలు, ఉద్యోగంలో చేరి ఎన్నాళ్ళూ కానివాళ్ళు, పొగలో ఊపిరాడక కన్నుమూశారు. ఆ ఏడాదే నవంబరు 13న నాంపల్లి బజార్‌ఘాట్‌లో కింద దాచిన కెమికల్ డ్రమ్ములు అంటుకుంటే పైన కాపురాలున్న కనీసం 9 మంది పోయారు. 2025 మే 18 పొద్దున గుల్జార్ హౌజ్‌లో ఒకే కుటుంబం, 17 మంది. దాదాపు అన్నిచోట్లా నిప్పు పుట్టింది ఒకచోట, మనుషులున్నది ఇంకోచోట. మెట్లు పొగతో నిండకముందే పైవాళ్ళకు కబురు అందాలి. ఏ సిస్టమ్ మంచిదో నేను లెక్కగట్టేది ముందుగా దీన్ని బట్టే.

తెలంగాణలో ఫైర్ ఎన్‌ఓసీ (అగ్నిమాపక శాఖ ఇచ్చే నిరభ్యంతర పత్రం) అనగానే అందరికీ గుర్తొచ్చేది ఎత్తు: వాణిజ్య భవనాలకు 15 మీటర్లు, నివాస భవనాలకు 18 మీటర్లు. దాంతో అంతకంటే పొట్టి గోడౌన్ల వాళ్ళు, పాత కాంప్లెక్సుల వాళ్ళు మాకు అవసరం లేదనుకుంటారు. భోయిగూడ గోడౌన్ పెద్ద ఎత్తున్న భవనమేం కాదు. ఎన్‌ఓసీ అడిగినా అడగకపోయినా, నేషనల్ బిల్డింగ్ కోడ్ 2016 నాలుగో భాగాన్నీ, డిటెక్టర్ల ఎంపికకు, అమరికకు ఉన్న భారతీయ ప్రమాణం ఐఎస్ 2189నూ పక్కన పెట్టుకుని డిజైన్ చేయమని కాంట్రాక్టర్‌ను అడగండి. కొటేషన్లో ఈ రెండు పేర్లూ కనిపించకపోతే ఎందుకు లేవో అడగండి.

కన్వెన్షనలా, అడ్రసబులా

కన్వెన్షనల్ ప్యానెల్లో భవనాన్ని జోన్లుగా విడగొడతారు. ఒక్కో జోన్‌కి ఒక జత వైరు, దాని మీద మామూలుగా 20 దాకా డిటెక్టర్లు, చివర ఒక చిన్న రెసిస్టర్. ఆ ఇరవైలో ఏది పొగ పసిగట్టినా ప్యానెల్ మీద వెలిగేది ఆ జోన్ లైటు ఒక్కటే. ఏ గదో మనిషి వెళ్ళి వెతుక్కోవాలి. అడ్రసబుల్ సిస్టమ్‌లో ఒకే వైరు ప్యానెల్ నుంచి బయలుదేరి అన్ని డిటెక్టర్లనూ కలుపుతూ మళ్ళీ ప్యానెల్‌కే తిరిగొస్తుంది. దాన్ని లూప్ అంటారు. ప్రతి డిటెక్టర్‌కూ ఒక నంబరు, పక్కన మనం రాసుకున్న పేరు ఉంటాయి. "మూడో అంతస్తు, యూపీఎస్ రూమ్" అని తెర మీద పడుతుంది. వైరు ఒకచోట తెగితే రెండో వైపు నుంచి పని జరిగిపోతుంది. షార్ట్ అయితే మాత్రం ఆ ముక్కను విడగొట్టే ఐసొలేటర్లు మధ్యమధ్య ఉండాలి. అవి లేకపోతే ఒక్క షార్ట్‌కి లూప్ మొత్తం పడుకుంటుంది. కొటేషన్లో ధర తగ్గించాలనుకున్నవాళ్ళు ముందు కోసేది ఈ ఐసొలేటర్లనే, కాబట్టి వాటి సంఖ్య లెక్కపెట్టండి.

ఈ తేడా అర్ధరాత్రి ఎలా ఉంటుందో చూడండి. ఆరంతస్తుల కమర్షియల్ కాంప్లెక్స్, కన్వెన్షనల్ ప్యానెల్. నాలుగో జోన్ లైటు వెలిగింది. నాలుగో జోన్ అంటే నాలుగో అంతస్తు మొత్తం: వరుసగా షట్టర్లు, అన్నిటికీ తాళాలు, తాళాలు ఓనర్ల ఇళ్ళలో. సెక్యూరిటీ గార్డు టార్చిలైటు పట్టుకుని వరండా అటూ ఇటూ నడుస్తాడు. ఏ షట్టర్ కింద నుంచీ పొగ రావడం లేదు. డిటెక్టర్ మీద ఎర్ర లైటు వెలుగుతూనే ఉంది, కానీ అది షట్టర్ లోపల. కిందికొచ్చి సైలెన్స్ బటన్ నొక్కి, పొద్దున మేనేజర్‌కి చెబుదాంలే అనుకుంటాడు. ఆ గార్డుది తప్పు అనడానికి నాకు మనసొప్పదు. అతని చేతికి మనం ఇచ్చిన సమాచారం అంతే.

ఇలాంటి భవనంలో అడ్రసబుల్ పెట్టాలి. దానికి డబ్బు నిజంగా లేకపోతే, ఉన్న కన్వెన్షనల్‌కే తాళం పడే ప్రతి గది బయటా తలుపు మీద రెస్పాన్స్ ఇండికేటర్ అనే చిన్న దీపం పెట్టించండి. లోపలి డిటెక్టర్ మోగితే బయటి దీపం వెలుగుతుంది. చాలా చవక, చాలా మంది మర్చిపోతారు.

అలాగని అన్నిచోట్లా అడ్రసబుల్ అక్కర్లేదు. ఒకే హాలు, లోపల అడ్డుగోడలు లేవు, ఒక చోట నిలబడితే షెడ్డంతా కనిపిస్తుంది, డిటెక్టర్లు నలభై యాభై దాటవు అంటే కన్వెన్షనల్ చక్కగా సరిపోతుంది. మిగిలిన డబ్బు గట్టిగా మోగే హూటర్లకు, మంచి కేబుల్‌కు పెట్టండి. అడ్రసబుల్ డిటెక్టర్ ఒక్కొక్కటి ఖరీదు ఎక్కువే గానీ వైరింగ్ తగ్గుతుంది. భవనం పెద్దదయ్యే కొద్దీ మొత్తం మీద తేడా తగ్గుతూ వస్తుంది. అంతస్తులు, గదులు, తాళాలు పెరిగిన చోట నేను రెండో ఆలోచన లేకుండా అడ్రసబులే చెబుతాను.

వైర్‌లెస్ కూడా ఉంది. గోడలు తవ్వకూడని పాత కట్టడాలకు, లీజు తీరాక ఖాళీ చేసే చోట్లకు బాగుంటుంది. డిటెక్టర్ డిటెక్టర్‌కీ బ్యాటరీ మార్చే మనిషి, ఆ ఖర్చు గుర్తుంచుకోండి.

ఎత్తయిన రేకుల షెడ్డు

నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేవి ఇవే. మేడ్చల్ వైపు, శంషాబాద్ వైపు వచ్చిన పెద్ద గోడౌన్లలో రేకు పది, పన్నెండు మీటర్ల ఎత్తున ఉంటుంది. మామూలు స్మోక్ డిటెక్టర్ పది మీటర్ల వరకే నమ్మదగింది. పొగ పైకి పోయే కొద్దీ విస్తరిస్తుంది, చల్లారుతుంది, పలచబడుతుంది. దీనికి మన ఎండాకాలం తోడవుతుంది. ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో రేకు కింద వేడి గాలి మందంగా పేరుకుంటుంది. కింద చిన్నగా రాజుకుంటున్న అట్టపెట్టెల పొగకు ఆ పొరను దాటే వేడి ఉండదు. డిటెక్టర్‌కి రెండు మూడు మీటర్ల కిందే ఆగి, అడ్డంగా పరుచుకుంటుంది. కింద నిలబడ్డ మనిషికి పొగ కనిపిస్తుంటుంది, పైనున్న డిటెక్టర్ పచ్చగా మెరుస్తుంటుంది.

దీనికి రెండు మార్గాలు. ఒకటి బీమ్ డిటెక్టర్. ఒక గోడ నుంచి ఎదురు గోడకు కంటికి కనిపించని కాంతిని పంపి, మధ్యలో పొగ అడ్డొస్తే పట్టుకుంటుంది. ఒక్కోటి 100 మీటర్ల దూరం దాకా, అటూ ఇటూ ఏడున్నర మీటర్ల చొప్పున కాస్తుంది. రేకు దగ్గర ఒక వరుస వేసి ఊరుకోకుండా, కింద ఇంకో ఎత్తులో రెండో వరుస వేయించండి. వేడి పొర కింద ఆగిన పొగ దానికి దొరుకుతుంది. బిగించేది కాలమ్‌కి బిగించాలి. రేకు గోడకి బిగిస్తే గాలికీ ఎండకీ అది కదిలి గురి తప్పుతుంది, రోజూ ఫాల్ట్ చూపిస్తుంది. బీమ్ దారిలో సరుకు పేర్చకుండా గోడ మీద గీత గీయించండి. పావురాల బెడద ఉన్న షెడ్డయితే అది కూడా ముందే చెప్పండి, ఎక్కడ బిగించాలో దాన్ని బట్టి మారుతుంది.

రెండోది ఆస్పిరేటింగ్ సిస్టమ్. సన్నటి రంధ్రాలున్న పైపులు కప్పు కింద, కావాలంటే ర్యాకుల మధ్య నిలువునా కూడా వేసి, ఒక ఫ్యాన్‌తో గాలిని లాగి, లేజర్ కాంతి ఉన్న చిన్న పెట్టెలో పరీక్షిస్తుంది. కంటికి కనిపించని పొగను కూడా పట్టేస్తుంది. ఖరీదు ఎక్కువ. దుమ్ము ఉన్నచోట ఫిల్టర్లు తరచూ మార్చాలి. కానీ ఎవరూ చెప్పని లాభం ఒకటుంది: పరికరం మనిషి చేతికందే ఎత్తులో గోడ మీద ఉంటుంది. పన్నెండు మీటర్ల పైన ఉన్న డిటెక్టర్‌ను తుడవాలంటే సిజర్ లిఫ్ట్ అద్దెకు తేవాలి, సరుకు జరపాలి. అందుకే ఎవరూ తుడవరు. నిలువెత్తు ర్యాకుల్లో ప్లాస్టిక్, కాగితం, బట్టలు ఉంటే ఆస్పిరేటింగ్‌కే నా ఓటు. తక్కువ ఎత్తు పేర్చే మామూలు సరుకైతే రెండు వరుసల బీమ్ చాలు.

సాల్వెంట్లున్న చోట

పాశమైలారం, బొల్లారం వైపు ఫార్మా, కెమికల్ యూనిట్లలో స్మోక్ డిటెక్టర్‌ను నమ్ముకోవడం ప్రమాదం. మెథనాల్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ లాంటి సాల్వెంట్లు, అంటే కరిగించడానికి వాడే ద్రవాలు, మండితే పొగ తక్కువ, మంట ఒక్కసారే. హైడ్రోజన్ మంట పగటి వెలుతురులో దాదాపు కనిపించదు. ఇక్కడ ఫ్లేమ్ డిటెక్టర్లు కావాలి, మంట నుంచి వచ్చే కిరణాలను నేరుగా చూసేవి. వాటిలో అతినీలలోహిత కిరణాలను మాత్రమే చూసే చవక రకం వెల్డింగ్ మెరుపుకి కూడా మోగుతుంది. నెలకోసారైనా వెల్డింగ్ జరిగే ప్లాంటులో అది పనికిరాదు. యూవీ (అతినీలలోహిత), ఐఆర్ (పరారుణ) రెండు కిరణాలూ చూసేది, లేదా మూడు ఐఆర్ సెన్సర్లున్నది తీసుకోండి. ఆల్కహాల్‌కు యూవీ ఐఆర్ సరిపోతుంది. హైడ్రోజన్ మంటలో కార్బన్ ఉండదు, అందుకే కొన్ని మోడళ్ళకు అది కనిపించదు; మీరు తీసుకునే మోడల్ దాన్ని చూస్తుందని తయారీదారు కాగితం మీద రాసిచ్చాకే కొనండి. రియాక్టర్ వెనకా పైపుల వెనకా నీడ పడే చోట్లుంటాయి, కాబట్టి ఒక్కదాంతో సరిపెట్టకండి.

దానికంటే ముందు గ్యాస్ డిటెక్టర్. ఆవిరి అంటుకునే స్థాయికి చేరకముందే చెబుతుంది కాబట్టి సాల్వెంట్ దగ్గర మొదటి రూపాయి దీనికే పోవాలి. అక్కడ పెట్టే ప్రతి పరికరం, ఆఖరికి హూటర్ కూడా, ఫ్లేమ్‌ప్రూఫ్ (లోపలి మంట బయటికి రానిది) లేదా ఇన్‌ట్రిన్సికల్లీ సేఫ్ (అంటించేంత రవ్వ పుట్టించనిది) రకమై, పెసో, అంటే పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రత చూసే కేంద్ర సంస్థ, ఆమోదం ఉండాలి. సర్టిఫికెట్ మీద మోడల్ నంబరూ బిగించిన దాని మీద నంబరూ ఒకటేనా అని మీ కళ్ళతో చూడండి. పొడి, డ్రయర్లు ఉన్న చోట ఒక మాట గట్టిగా చెప్పాలి: దుమ్ము పేలుడు నుంచి ఏ అలారమూ కాపాడదు, అంత టైమ్ ఉండదు. అక్కడ కావలసింది దుమ్ము పేరుకోకుండా చూడడం, పేలుడు ఒత్తిడి బయటికి పోయే ఏర్పాటు. అలారం పెట్టాం కదా అని వాటిని వాయిదా వేయకండి.

ఆఫీసు టవర్, సెల్లార్, కిచెన్

ఆఫీసుల్లో కాంతితో పొగను పసిగట్టే మామూలు ఫోటోఎలక్ట్రిక్ స్మోక్ డిటెక్టర్లు సరిపోతాయి, అయితే ఫాల్స్ సీలింగ్ పైన కూడా ఉండాలి. కేబుళ్ళన్నీ అక్కడే. సర్వర్ రూముల్లో ఏసీ గాలి పొగను చెదరగొట్టేస్తుంది కాబట్టి ఆస్పిరేటింగ్ మేలు. కిచెన్‌లో, ప్యాంట్రీలో హీట్ డిటెక్టర్. సెల్లార్ పార్కింగ్‌లో బండ్ల పొగకు స్మోక్ డిటెక్టర్ మోగుతూనే ఉంటుంది, అక్కడ హీట్ గానీ, పొగనూ వేడినీ కలిపి చూసే మల్టీసెన్సర్ గానీ వేయండి. ఎలక్ట్రిక్ బండ్లు ఛార్జింగ్ పెట్టే మూలను మాత్రం విడిగా, దగ్గర దగ్గరగా కవర్ చేయండి. మీ సెల్లార్‌ను ఎవరైనా గోడౌన్ చేసేసి ఉంటే, డిటెక్టర్ ఏది పెట్టాలన్న ప్రశ్నే లేదు. ముందు సరుకు ఖాళీ చేయించాలి.

టవర్లలో ప్యానెల్‌కి గంట కొట్టడం ఒక్కటే పని కాదు. లిఫ్టులను కిందికి దింపాలి, ఏసీ ఫ్యాన్లు ఆపాలి, మెట్ల దారిలోకి గాలి నెట్టే ఫ్యాన్లు నడపాలి, కార్డు పెడితే తప్ప తెరుచుకోని గాజు తలుపులను వదిలేయాలి. ఈ చివరిది దయచేసి పరీక్షించండి. తలుపుల కాంట్రాక్టర్ వేరు, అలారం కాంట్రాక్టర్ వేరు; ఇద్దరి మధ్య వెళ్ళాల్సిన ఒక్క వైరు ఎవరి లెక్కలోనూ ఉండదు.

ఊరికే మోగే గంట

ఆయుధపూజ రోజు చూడండి. మెషీన్ల ముందు, రిసెప్షన్‌లో, సర్వర్ రూమ్ గుమ్మం ముందు సాంబ్రాణి, హారతి కర్పూరం. పైన డిటెక్టర్ దాని పని అది చేస్తుంది. అందుకని ముందురోజే ఎవరో ప్యానెల్లో జోన్ ఆపేస్తారు. పండగ అయిపోతుంది, ఆపిన జోన్ సంక్రాంతి దాకా అలాగే ఉంటుంది. రంగులు వేసేటప్పుడు డిటెక్టర్లకు తొడిగిన ప్లాస్టిక్ మూతలదీ అదే కథ. వానాకాలం పురుగులు, తేమ, దుమ్ము మిగతాది చూసుకుంటాయి. మూడు సార్లు ఊరికే మోగిన గంటకు నాలుగోసారి ఎవరూ కుర్చీలోంచి లేవరు. నిజంగా అంటుకున్నరోజు కూడా.

రెండు రకాల మధ్య ఎంచుకోవాల్సి వస్తే ఊరికే మోగేది ఏది తక్కువో అది తీసుకోండి, కాస్త ఖర్చెక్కువైనా. కన్వెన్షనల్‌లో జోన్ మొత్తం ఆపాల్సిందే. అడ్రసబుల్‌లో ఆ ఒక్క డిటెక్టర్‌ను ఆపొచ్చు, చాలా ప్యానెళ్ళలో ఇన్ని గంటల తర్వాత దానంతటదే తిరిగి పనిలోకి వచ్చేలా పెట్టొచ్చు, పగలు రాత్రికి సున్నితత్వం మార్చొచ్చు. ఏది ఎప్పుడు మోగిందో, ఎవరు ఎప్పుడు ఆపారో లాగ్‌లో ఉంటుంది. మల్టీసెన్సర్లు సాంబ్రాణికి అంత తొందరగా తొణకవు.

హూటర్ల విషయానికి వస్తే, శబ్దం 65 డెసిబెల్స్ ఉండాలి, లేదా అక్కడి రణగొణ ధ్వని కంటే 5 ఎక్కువ, ఏది పెద్దదైతే అది. మనుషులు పడుకునే చోట తలగడ దగ్గర 75. కింద గోడౌన్లో డిటెక్టర్లు పెట్టి, పైన కార్మికులు పడుకునే గదిలో హూటర్ పెట్టని చోట్లు చాలా ఉన్నాయి. కంప్రెసర్లు మోగే హాల్లో, చెవులకు ప్లగ్గులు పెట్టుకునే చోట మెరిసే దీపాలు కూడా కావాలి. ఎత్తయిన భవనాల్లో మాటతో చెప్పే సిస్టమ్ పెడితే ప్రకటన తెలుగులో, హిందీలో, ఇంగ్లీషులో రికార్డు చేయించండి. ఒడిశా నుంచి వచ్చినవాళ్ళు ఎక్కువుంటే ఒడియాలో కూడా.

సంతకం పెట్టేముందు

బ్రాండ్ల గురించి అందరూ అడుగుతారు. నేను అంతకన్నా ముందు అడిగేది, ఈ ప్యానెల్‌కి వేరే కంపెనీ డిటెక్టర్ పనిచేస్తుందా అని. కొన్ని ప్యానెళ్ళు తమ సొంత డిటెక్టర్లతోనే మాట్లాడతాయి. అవి చెడ్డవని కాదు, నాణ్యమైనవి చాలా ఉన్నాయి. కానీ ఐదేళ్ళ తర్వాత ఒక్క డిటెక్టర్ పోతే మీరు ఒక్కరి దగ్గరికే వెళ్ళాలి, ఆయన చెప్పిందే రేటు. అలాంటిది తీసుకుంటే విడిభాగాల ధర, ఏఎంసీ (ఏటా నిర్వహణ ఒప్పందం) ధర కొన్నేళ్ళకు ఇప్పుడే రాయించుకోండి. ప్యానెల్ పాస్‌వర్డ్, ప్రోగ్రామ్ కాపీ, బిగించింది బిగించినట్టు చూపే డ్రాయింగ్ మీ చేతికి వచ్చాకే చివరి బిల్లు కట్టండి. పాస్‌వర్డ్ పాత కాంట్రాక్టర్ దగ్గర ఉండిపోయి, ఒక గది పేరు మార్చడానికి కూడా ఆయన కోసం ఎదురుచూసే భవనాలు మన ఊళ్ళో బోలెడు.

అప్పగించే రోజు మెయిన్ కరెంటు ఆపించి చూడండి. బ్యాటరీ మీద మామూలుగా 24 గంటలు నిలబడాలి, ఆపైన అరగంట హూటర్లు మోగాలి. బ్యాటరీ లెక్క కాగితం అడగండి, లేకపోతే ప్యానెల్ పెట్టెలో పట్టిన సైజు పెట్టేసి వెళ్తారు. తర్వాత టెస్ట్ స్ప్రేతో మీకు నచ్చిన డిటెక్టర్ దగ్గర, వాళ్ళు చూపించిన దాని దగ్గర కాదు, పొగ కొట్టించండి. ప్యానెల్ మీద పడిన పేరు ఆ గదిదేనా, గాజు తలుపు వదిలిందా, లిఫ్టు కిందికొచ్చిందా చూడండి. ఆ రోజు నైట్ షిఫ్ట్ గార్డును కూడా పిలవండి. ప్యానెల్ చదవడం ఆయనకే నేర్పించాలి, 101కి ఫోన్ చేసి ఏం చెప్పాలో తెలుగులో రాసి ప్యానెల్ పక్కనే అంటించాలి: భవనం పేరు, దగ్గరి గుర్తు, ఫైరింజన్ లోపలికి రావాల్సిన గేటు. ఏఎంసీలో మూడు నెలలకోసారి నాలుగో వంతు డిటెక్టర్లను పొగతో పరీక్షించాలని, ఏవి పరీక్షించారో నంబర్లు రాసివ్వాలని పెట్టండి. ప్యానెల్ దుమ్ము తుడిచి రిజిస్టర్‌లో సంతకం చేసి వెళ్ళేదానికి డబ్బు కట్టకండి.